ఎస్తేరక్క రికార్డులు, వరసలో

సూది వాలగానే పాటకంటే ముందు చిన్న చిటపట వస్తుంది చూశారా, అది వింటే చాలు, నాకు ఒళ్ళు మండుతుంది. పాట ఇంకా మొదలే కాదు, నా లోపల మంట మొదలవుతుంది. మనిషి పోయి ఏడాది కావస్తోంది, ఇంకా మంటేమిటమ్మా అని ఎవరైనా అడగొచ్చు. ఉన్నమాట ఉన్నట్టు చెబుతున్నాను, అంతే.

మొన్న ఆదివారం గుడినుంచి వచ్చి అన్నాలు తిన్నాక ఎస్తేరక్క కూతురు మెర్సీ ఖిదిర్‌పూర్‌నుంచి బస్సులో మా బడ్జ్ బడ్జ్ ఇంటికి వచ్చింది. ఒక చేతిలో రికార్డు ప్లేయరు, భుజాన సంచి. ఆ సంచిలో వాళ్ళమ్మ పాడిన నాలుగు రికార్డులు, ఒక్కోదానికి పాత చీరముక్క చుట్టి. "అమ్మ పోయాక ఒక్కటీ వినలేదు పిన్నీ. ఒక్కదాన్నే కూర్చుని వినాలంటే ధైర్యం చాలడంలేదు. మీరు పక్కనుంటే వింటాను. అమ్మ పాడిన వరసలోనే విందాం" అంది.

"మొదటిది వద్దులేవే. రెండోదానికాణ్ణించి పెట్టు" అన్నాను.

"అదేంటి పిన్నీ! అందరికీ ఇష్టమైంది మొదటిదే కదా?"

"అందుకే" అనబోయి నాలుక కరుచుకున్నాను. ఆ మొదటి రికార్డు నేను మా ఇంటి గడప తొక్కనివ్వలేదు. గుడిలోనో, పక్కవాళ్ళింట్లోనో అది మోగుతుంటే ఏదో పని కల్పించుకుని లేచి వెళ్ళిపోయేదాన్ని. మొదటినుంచి చివరిదాకా కూర్చుని ఒక్కసారైనా వినలేదు. ఈ సంగతి మెర్సీకి చెప్పలేదు. అది సూది పెట్టేసింది.

ఎస్తేరక్కను చూడనివాళ్ళకు ఆమె ఎలా ఉండేదో ఎలా చెప్పాలో తెలియడంలేదు. పొట్టి మనిషి. ఖిదిర్‌పూర్ డాక్‌ల పక్కన ఓ ఓడల కంపెనీలో టైపిస్టు. గుంటూరు వైపునుంచి వలసవచ్చిన తల్లిదండ్రులకి అక్కడే పుట్టింది, బెంగాలీ బడిలో చదువుకుంది, తెలుగు అక్షరం ముక్క రాదు. తన పాటలు తనే కట్టుకునేది, వాటిని బెంగాలీ అక్షరాల్లో రాసుకునేది. ఆ అక్షరాల్లో మన 'వ' లేదు. దాని బదులు 'బ' రాసుకోవాలి. రాసుకున్నదే చదివీ చదివీ ఆమె నోట ఉన్న వకారాలన్నీ బకారాలైపోయాయి. పాటలోనే కాదు, మాటలోనూ అంతే.

నేను పెళ్ళయి ఖిదిర్‌పూర్ వచ్చేనాటికి బొబ్బిలి వైపు మిషను బడుల్లో పాటంటే నా పేరే చెప్పేవారు. మా నాన్న తెలుగు మాష్టారు. చిన్నప్పటినుంచీ సంగీతం చెప్పించారు. స్వరాలు, గమకాలు అన్నీ వచ్చు. మావారు డాక్‌లో గుమాస్తా. వచ్చిన మొదటి ఆదివారమే గుడిలో పాస్టరయ్యగారు పిలిచి "కొత్త కోడలు పాడుతుందట, పాడమ్మా" అన్నారు. పాడాను. తప్పులేకుండా, తాళం తప్పకుండా పాడాను. "బాగుంది, బాగుంది" అన్నారంతా. చేతులు కట్టుకుని, పెళ్ళి భోజనంలో కూర బాగుందని చెప్పినట్టుగా అన్నారు.

తర్వాత ఎస్తేరక్క లేచింది. "కళ్ళెత్తి చూడబా దేబా, బాకిట నిలిచిన నన్ను" అని అందుకుంది. బాకిట! నాకు నవ్వొచ్చింది. పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకి చూద్దును కదా, మా అత్తగారు ముక్కు చీదుతోంది. డాక్‌లో బస్తాలు మోసే మనుషులు తలలు దించుకున్నారు. అవతలి వరసలో మావారు జేబురుమాలు తీసి కళ్ళు తుడుచుకుంటున్నారు. ఆయన నా పాట పెళ్ళిచూపుల్లో విన్నారు, పెళ్ళయ్యాక విన్నారు, ఆ పూటా విన్నారు. ఎప్పుడూ రుమాలు బయటికి తీసిన పాపాన పోలేదు. నా నవ్వు ఎటుపోయిందో పోయింది. ఇంటికి వెళ్ళేదారిలో ట్రాములో "నీ పాటా బాగుంది విమలా" అన్నారాయన. ఆ 'పాటా' అన్న దీర్ఘం నన్ను ఎన్నాళ్ళు కాల్చుకు తిన్నదో ఆయనకి తెలీదు.

ఆ పాటతోనే మొదటి రికార్డు వచ్చింది. ఖిదిర్‌పూర్, మెటియాబ్రుజ్, హౌరా, ఇక్కడి జనపనార మిల్లుల కూలీల ఇళ్ళ లైన్లు, ఎక్కడ తెలుగువాళ్ళుంటే అక్కడ అదే పాట. ఉతుకుల దగ్గర అదే, ఉయ్యాల దగ్గర అదే. మా అత్తగారికి చదువు రాదు, నా పాటల్లో ఒక్కటీ ఆవిడ నోటికి పట్టలేదు, ఎస్తేరక్కది మాత్రం బాకిటతో సహా వచ్చేసింది. "ఏటమ్మా అలా మొకం మాడ్చుకుంటావు? నువ్వు పాడితే నేర్చుకున్నవోల్లు పాడినట్టుంటది. అది పాడితే మనింటి ఆడబిడ్డ ఏడిసినట్టుంటది" అంది ఓరోజు, బియ్యం ఏరుతూ. ఆవిడ తిట్టిందీ కాదు, పొగిడిందీ కాదు. మనసులో ఉన్నమాట అనేసింది. నేనా రోజు అన్నం తినలేదు.

మొన్న మెర్సీ పెట్టినప్పుడు ఇదంతా గుర్తొచ్చింది. కానీ పాట నడుస్తున్నంతసేపూ చెవిలో ఏదో గుచ్చుకుంటూనే ఉంది. బకారాలు కాదు, అవి తెలిసినవే. ఇంకేదో. పట్టుకునేలోపు పాట అయిపోయింది. మెర్సీ కళ్ళు తుడుచుకుని, దాన్ని మళ్ళీ చీరముక్కలో చుట్టి, రెండోది తీసింది.

రెండోది నాది. అందులో నా పేరు ఉండదు, నా గొంతు ఉండదు, అయినా అది నాదే. ఆ సంగతి చెప్పాలి.

మొదటి రికార్డు అచ్చు అరిగిపోయిందని, అదే పాటని పెద్ద వాయిద్యాలతో మళ్ళీ పాడమని రికార్డుల కంపెనీవాళ్ళు అడిగారట. ఒక శనివారం మధ్యాహ్నం ఎస్తేరక్క ఆఫీసునుంచి తిన్నగా మా ఇంటికొచ్చింది. చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి "బిమలా, నీతో పని పడింది" అంది. బిమల! నా పేరు ఆమె నోట వింటే పేడలో కాలేసినట్టుండేది నాకు.

"ఏటి పని?"

"అందరూ నా పాట బిని ఏడుస్తారు కానీ, కొత్తగా బచ్చిన ఆఫీసర్ల పెళ్ళాలు నబ్బుతున్నారు. బాళ్ళ నబ్బు నాకు తెలుస్తుంది. నీ తెలుగు బంగారం. నా నోరు బాగుచెయ్యబా?"

నవ్వేవాళ్ళలో నేనూ ఉన్నానని ఆమెకి తెలుసో తెలీదో. ఆ క్షణాన నాకు కలిగిన సంతోషం చెబితే సిగ్గుచేటు. ఊరంతా నెత్తిన పెట్టుకున్న మనిషి నా ఇంటి గుమ్మంలో నిలబడి అడుగుతోంది. "లోపలికి రా అక్కా, నీల్లు తాగు" అన్నాను మహారాణిలాగా.

శనివారం శనివారం వచ్చేది. కిటికీ పక్కన ఇద్దరం ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. 'బ' అంటే పెదవులు రెండూ కలుస్తాయి, 'వ' అంటే కలవవు. ఎన్నిసార్లు చెప్పినా ఆమె పెదవులు కలిసిపోయేవి. చివరికి నేనొక ఉపాయం కనిపెట్టాను. ఆమె చూపుడువేలు ఆమె పెదవుల మధ్యనే అడ్డం పెట్టించాను. వేలు అడ్డముంటే పెదవులు ఎలా కలుస్తాయి? "ఇప్పుడను, వాకిట." వేలు పెట్టుకునే "వాకిట" అంది. ఒక్కసారి కళ్ళు పెద్దవి చేసి, "బాబా రే! బచ్చేసింది!" అని అరిచింది. మళ్ళీ వేలు పెట్టుకుని, "వచ్చేసింది" అని దిద్దుకుంది. ఇద్దరం పడీపడీ నవ్వాం. నవ్వుతూనే, ఆమె అంత తేలిగ్గా నేర్చేసుకున్నందుకు కూడా నాకు కళ్ళు కుట్టాయి.

ఆమె నాకేం నేర్పిందంటారా? ఒకరోజు నన్ను పాడమంది. పాడాను. విని, "శోన్, ఇలా విను, ఒకమాట చెబుతాను, కోప్పడకు. నువ్వు పాడేటప్పుడు నిన్ను నువ్వే వింటున్నావు. ఎదురుగా ఉన్నవాళ్ళని విను" అంది. పాడేటప్పుడు ఎదుటివాళ్ళని వినడమేమిటి, ఈమె మొహం, అనుకున్నాను. పైకి నవ్వాను. ఆ రాత్రి నిద్రపడితే ఒట్టు. ఎందుకంటే ఆమె చెప్పింది నిజం. నా పాటలో ఎదుటివాళ్ళు లేరు. ఎప్పుడూ లేరు. తర్వాత మరోరోజు తనే అంది, "పిల్లలకి నేర్పు నువ్వు. పిల్లలైతే తప్పు పాడతారు, నువ్వు వినక చస్తావా!" అలా గుడి వసారాలో ఆదివారం పిల్లలకి పాటలూ తెలుగూ చెప్పడం మొదలుపెట్టాను. ఇల్లు మారినా, ఊరు మారినా ఇవాళ్టికీ అదే పని. అందరూ నన్ను టీచరమ్మ అనే పిలుస్తారు. ఆ పేరు పెట్టించింది ఎస్తేరక్కే.

రెండో రికార్డు పాడేరోజు నన్నూ స్టూడియోకి తీసుకెళ్ళింది. గాజు కిటికీ ఇవతల కూర్చున్నాను. "చూడవా దేవా, వాకిట నిలిచిన నన్ను" అని స్వచ్ఛంగా, కడిగిన ముత్యంలా వచ్చింది. ఆ మూడు 'వ'లూ నావి. లోకమంతా ఆమె గొంతు వింటుంది, కానీ ఆ గొంతులో మూడు చోట్ల నేను కూర్చున్నాను. అంత కుళ్ళులోనూ నాకు ఊరటగా మిగిలింది అదే. మూడో రికార్డు వచ్చినప్పుడూ, అట్టమీద ఆమె ఫొటో చూసి కడుపు మండినప్పుడూ, ఖరగ్‌పూర్ వాళ్ళూ విశాఖపట్నం వాళ్ళూ ఆమెని పిలిపించుకుని దండలు వేసినప్పుడూ, "వెయ్యండి వెయ్యండి, అందులో వకారాలు నావి" అని లోపల అనుకునేదాన్ని.

ఓసారి క్రిస్మస్ సభలో ఆమె మైకు ముందు నిలబడి "గొంతు దేవుడిది, నోరు మా విమలది" అంది. జనం గొల్లున నవ్వారు. నవ్వులాటకి అన్నదని వాళ్ళనుకున్నారు. ఆమె నవ్వలేదు. నేను లేచి బయటికి వెళ్ళిపోయాను. పొగిడినా ఓర్చుకోలేని మనిషిని ఏం చెయ్యాలి చెప్పండి? మావారికి బడ్జ్ బడ్జ్ నూనె డిపోలో ఉద్యోగం దొరికి ఇక్కడికి వచ్చేశాక, దూరమనీ, పిల్లలనీ వంక పెట్టుకుని శనివారాలు మానేశాను. "ఇంక నీకు నా అవసరం ఏటుంది అక్కా" అన్నాను. "అవసరం లేకపోతే రాకూడదా?" అంది. అప్పుడప్పుడూ ఆమే వచ్చి చూసిపోయేది, ఆయాసం వచ్చి మంచం పట్టేదాకా. నాలుగోది, పెద్ద రికార్డు, నేను మానేశాక పాడింది. అందులోనూ వకారాలు శుభ్రంగానే ఉన్నాయి.

మొన్న వరసలో నాలుగూ విన్నాం. చివరిది అయిపోయాక మెర్సీ చీరముక్క తీసుకుంటుంటే, "ఆగవే. మొదటిది ఇంకోసారి పెట్టు" అన్నాను. నా చెవిలో గుచ్చుకున్నది ఇంకా పోలేదు. పెట్టింది. మొదటి మాట దగ్గరే పట్టుకున్నాను. "కళ్ళెత్తి." నాలుక మడతపడి అంగిట్లో తగిలి బరువుగా జారింది. "ఇప్పుడు రెండోది." ఆ మాటే అక్కడ తేలిగ్గా, నున్నగా పోయింది. మూడోదాన్లో, నాలుగోదాన్లో అలాంటి మాట వచ్చినచోటల్లా నున్నగానే ఉంది. మొదటిదాన్లో ఒక్కదాన్లోనే ఆ బరువు.

"మెర్సీ, మొదటిదాన్ల ఆ అచ్చరం అలా మొద్దుగా పడిందేటి? రికార్డు గాని వంగిందా?"

మెర్సీ నావంక చూసి, నవ్వాపుకుంటూ, "వంగలేదు పిన్నీ. అది 'ళ'" అంది.

"మరి రెండోదాన్ల?"

"అది 'ల'. మీరనేది."

"నేనెప్పుడన్నానే? నేనూ అదే కదా అంటాను, కల్లు."

"ఇంకోసారి అనండి."

"కల్లు."

"అదే పిన్నీ. అది తాగేది."

మావైపు 'ళ' రాయడానికే కాని పలకడానికి కాదు. మా నాన్న, తెలుగు మాష్టారు, ఆయనా అంతే పలికేవారు. ఈ ఊళ్ళో మా తెలుగువాళ్ళు నూటికి తొంభైమంది మావైపువాళ్ళే. ఎవరు దిద్దుతారు? అప్పుడు గుర్తొచ్చింది. ఆ కిటికీ పక్కన, వకారం కుదిరాక, ఎస్తేరక్క "కళ్ళెత్తి" అంటే నేనేమన్నానో. "నాలిక అలా మడిచీకక్కా, బెంగాలీవోల్ల యాస వస్తంది. మెత్తగా అను, కల్లెత్తి." ఆమె ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. తర్వాత "కల్లెత్తి. ఇలాగేనా?" అంది. "ఆఁ, అదీ" అన్నాను, టీచరమ్మని.

"మీ అమ్మకి తెలీదా?" అని అడిగాను మెర్సీని.

"ఎందుకు తెలీదు పిన్నీ! తాతయ్య తాగి తాగి పోయాడు కదా. అందుకని ఆ రెండు మాటలూ కలిసిపోకూడదని అమ్మమ్మ చిన్నప్పుడే అమ్మని కూర్చోబెట్టి, చెంపలు వాయించి 'ళ' నేర్పింది. బకారం విని విని ఆవిడకి అలవాటైపోయింది కానీ, ఇది మాత్రం ఒప్పుకునేది కాదు. రెండో రికార్డు విని, 'ప్రభువుని కల్లెత్తి చూడమంటావా, సిగ్గులేదుటే!' అని ఇల్లెగరగొట్టింది. ఎన్నాళ్ళో అమ్మతో మాట్లాడలేదు. ఆ రికార్డు పెడితే లేచి వెళ్ళిపోయేది. చచ్చిపోయేదాకా అంతే."

"మరి దిద్దుకోవచ్చు కదా. నాతో ఒక్కమాట అనొచ్చు కదా."

మెర్సీ చీరముక్క మడతలు పెడుతోంది. చెప్పాలా వద్దా అని చూస్తోందని అర్థమైంది. "చెప్పవే" అన్నాను.

"నేనూ అదే అడిగాను పిన్నీ. అమ్మ అంది, 'విమలకి నామీద కుళ్ళు. నాకు తెలుసు. అంత కుళ్ళుతోనూ కూర్చుని నేర్పుతోందే, నేనైతే నేర్పగలనా? తన దగ్గర ఉన్నది తెచ్చి నాకిచ్చింది. అందులో ఒకటి తప్పంటే, ఇంక మిగతావీ తనవి కావనుకుంటుంది' అని. 'మరి దేవుడి పాటలో తప్పు పాడతావా' అంటే, 'ఆయనకి అర్థమవుతుందిలే, ఆయనేమన్నా తెలుగువాడా' అని నవ్వేసింది. ఆఖరి రికార్డప్పుడు అమ్మమ్మా లేదు, మీరూ రావడంలేదు. ఇప్పుడైనా సరిగ్గా పాడమ్మా అన్నాను. 'ఎక్కడున్నా విమల వింటుందే' అంది."

మెర్సీ సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది. రెండో రికార్డు నన్నే ఉంచేసుకోమంది. అది వద్దని మొదటిది అడిగి తీసుకున్నాను, ప్లేయరూ ఉంచి వెళ్ళింది. అప్పటినుంచీ రోజూ పెట్టుకుని, ఆ మొదటి మాట దగ్గర నాలుక మడుస్తున్నాను. ఈ వయసులో మడత పడడంలేదు. నా దగ్గర తెలుగు నేర్చుకున్న పిల్లలంతా, వాళ్ళ పిల్లలంతా, దేవుణ్ణి ఏమెత్తి చూడమంటున్నారో తలుచుకుంటే నవ్వూ వస్తోంది, ఏడుపూ వస్తోంది.

ఎస్తేరక్క గొంతుమీద నాకున్నది కుళ్ళే, అది దాచలేదు. కానీ గొంతు దేవుడిచ్చింది, దాన్ని చూసి కుళ్ళుకోవడంలో ఓ సుఖం ఉంది, మన తప్పేం లేదనుకోవచ్చు. ఈ మనసు అలా కాదే! కన్నతల్లి మొహం తిప్పుకున్నా సరే, నాలాంటిదాని పరువు కోసం జీవితమంతా తప్పు పాడింది. అలాంటి పని నేనూ చెయ్యొచ్చు, ఎవరూ వద్దనలేదు, చెయ్యలేదు. అందుకే ఇప్పటి మంట మునుపటికంటే పెద్దది. కుళ్ళు అని ఇన్నిసార్లు రాశాను, మీరు సరిగ్గానే చదువుకున్నారు. నన్ను పైకి చదివి వినిపించమంటే మాత్రం, ఇవాళ్టికీ నా నోట అది కుల్లే.